పసుపు గుడ్డలో బొత్తాం చాకు

పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు, టీ నీళ్ళు మరిగేలోపు, సూర్యావతి మంచం కింద నుంచి ఖర్జూరాల రేకు డబ్బా లాగేది. అందులో పదకొండు మడత చాకులు ఉండేవి. పదింటిని వేలితో తాకి వదిలేసేది. పదకొండోది పసుపు పచ్చ గుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని విప్పి, గడియ వెనక్కి జరిపి, పిడి మీద ఉన్న ఇత్తడి బొత్తాం నొక్కేది. టక్కున కత్తి బయటికొచ్చేది. తల కాస్త పక్కకు వంచి ఆ చప్పుడు వినేది. చప్పుడు పొడిగా, ఒక్క ముక్కలో వస్తే స్ప్రింగు బాగున్నట్టు. ఎక్కడో గరగరమంటే సాయంత్రం నూనె పెట్టాలి. తర్వాత కత్తి మడిచి, గడియ ముందుకు తోసి, తోశానో లేదోనని మళ్ళీ తోసి, గుడ్డలో చుట్టేసేది. అప్పటికి టీ పొంగేది.

సూర్యావతిది కోనసీమలో సముద్రం పక్కన ఒక ఊరు. నలభై ఐదు దాటాయి. బహ్రెయిన్‌లో ఇళ్ళలో వంట, పాచి పని చేస్తుంది. గుదైబియాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో, తమ జిల్లా వాళ్ళే అయిన వీరదుర్గ, సాయికుమారిలతో కలిసి ఒక గదిలో ఉండేది. వీసా ఒక ఇంటి పేరు మీద ఉంది, పని మాత్రం నాలుగిళ్ళలో. అందుకని యూనిఫారం వేసుకున్న మనిషి ఎదురొస్తే, అతను పార్కులో చెట్లకు నీళ్ళు పెట్టేవాడైనా సరే, రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేది. ఆ నాలుగిళ్ళలో ఈసా టౌన్‌లోని మా ఇల్లు ఒకటి.

చాకుల మీద ఆమెకు ఇష్టం ఎప్పుడు మొదలైందో ఆమే సరిగ్గా చెప్పలేదు. వాళ్ళ నాన్న పడవ మనిషి. మొలతాడుకు ఒక మడత చాకు కట్టుకునేవాడు. వల కోయడానికీ, చుట్ట కొన తుంచడానికీ, కొబ్బరి ముక్క తీయడానికీ అదే. ఆడపిల్లలు దాన్ని ముట్టుకుంటే వేటకు మంచిది కాదని ఇంట్లో ఎవరూ ఆమెను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇక్కడికొచ్చాక శుక్రవారాలు పాత సామాన్ల బజారుకు వెళ్ళడం అలవాటైంది. దుప్పట్లు, గిన్నెలు చూడ్డానికి వెళ్ళి, ఒక రోజు కొమ్ము పిడి ఉన్న చిన్న చాకుతో తిరిగొచ్చింది. తర్వాత ఇంకోటి. పని చేసే ఇళ్ళలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో కత్తే, కానీ అవేవీ తనవి కావు. ఈ డబ్బాలోవి తనవి. ఒకసారి మా వంటింట్లో బెండకాయలు తరుగుతూ, ఎవరితోనో కాదన్నట్టు, "మడిసేత్తే ఇంక అది ఎవరి జోలికీ పోదు కదమ్మా" అంది. అంతకు మించి కారణం ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

బొత్తాం చాకు ఆమెకు దొరికినప్పుడు అది పని చేసేది కాదు. స్ప్రింగు విరిగిపోయి ఉంది. ముదురు చెక్క పిడి, రెండు కొసల్లో ఇత్తడి, ఒక పక్క చిన్న పెచ్చు ఊడింది. అమ్మిన ముసలి పఠాన్, "ఇది చచ్చింది బెహన్, వేరేది తీసుకో" అన్నాడు. ఆమె అదే తీసుకుంది. గుదైబియాలో గడియారాలు బాగుచేసే బంగ్లాదేశ్ భాయ్ దుకాణం చుట్టూ చాలా రోజులు తిరిగింది. ఇది గడియారం కాదని మొదట విసుక్కున్న మనిషి చివరికి తనకే పంతం వచ్చి, ఏదో పాత యంత్రంలోంచి స్ప్రింగు తీసి, సానబట్టి, ఇందులో కూర్చాడు. మొదటిసారి నొక్కినప్పుడు ఇద్దరూ వెనక్కి గెంతారట.

మొదట్లో దానికి కొబ్బరి నూనె వేసేది. చలికాలం రాగానే నూనె లోపలే గడ్డకట్టి, కత్తి నిద్రలేచినట్టు మెల్లగా బయటికి రావడం మొదలెట్టింది. స్ప్రింగు పోయిందనుకుని ఆ రోజు అన్నం తినలేదు. కింద టైలర్ చెబితే తెలిసింది, కుట్టు మిషన్ నూనె వేయాలని. అప్పటి నుంచి అదే వేసేది.

దాని మీద ఆమెకు ఎంత ఇష్టమో అంత భయం కూడా ఉండేది. బొత్తాం నొక్కితే తెరుచుకునే చాకు దగ్గర దొరికితే పోలీసులు ఊరుకోరని గదిలో అందరూ అనేవారు. అది నిజమో కాదో ఆమెకు తెలియదు. అడిగితే ఎందుకడుగుతున్నావంటారని ఎవర్నీ అడగలేదు. అందుకని బాగుచేయించి తెచ్చాక దాన్ని ఒక్కరోజు కూడా గడప దాటించలేదు.

"అంత భయమైతే ఎందుకక్కా ఉంచుకోడం? సముద్రంలో పారెయ్" అనేది వీరదుర్గ.

"నీ మొగుడు నీకు ఫోన్ చేసి నెలయ్యింది. ఆణ్ణి పారేశావా?"

"ఆడికి బొత్తాం లేదక్కా. ఉంటే ఎప్పుడో నొక్కేసేదాన్ని."

పోయిన ఏడు చలికాలం చివర్లో సాయికుమారి పని ముగించుకుని ఊరికి వెళ్ళిపోయే రోజు వచ్చింది. ముగ్గురిలో చిన్నది. శుక్రవారం మధ్యాహ్నం ఫ్లైటు. ఇక్కడ ఎవరు ఊరెళ్ళినా కార్టన్ కట్టడం గది మొత్తం పని. తెలిసినవాళ్ళంతా తమ ఇళ్ళకు పంపేవి తెచ్చి ఇస్తారు. దుప్పట్లు, పాలపొడి, సబ్బులు అన్నీ కూరి, టేపు వేసి, తాడు కట్టి, పేరు నాలుగు పక్కలా పెద్దక్షరాలతో రాయాలి. కొక్కెం త్రాసుకు తగిలించి తూచాలి. బరువెక్కువైతే మళ్ళీ విప్పాలి. ఎప్పుడూ విప్పాల్సే వస్తుంది.

వీటన్నిటికీ తోడు ముడుపులు. ఇక్కడ ఉన్న ఆడవాళ్ళు ఏ కష్టం వచ్చినా ఊళ్ళో అమ్మవారికి మొక్కుకుని, నాణేలు పసుపు గుడ్డలో మూటకట్టి పెట్టుకుంటారు. ఎవరు ముందు ఊరెళ్తే వాళ్ళ చేత పంపుతారు. వాటిని కార్టన్‌లో వెయ్యరు, కాళ్ళ కింద పడతాయని. భుజానికి తగిలించుకునే బ్యాగులోనే పెట్టాలి. సూర్యావతి ముడుపు కూడా ఒకటుంది. అంతకు ముందు ఏడాది వీసా రెన్యువల్ ఆగిపోయి, ఇక ఖలాస్, పంపించేస్తారు అనుకున్నప్పుడు కట్టింది. వీసా వచ్చింది కానీ ముడుపు వెళ్ళలేదు. దేవుడి పటం ఉన్న గూట్లోనే ఉంది.

ఆ శుక్రవారం పొద్దున కార్టన్‌కు టేపు వేయడం అయ్యాక వీరదుర్గ చెయ్యి చాపింది.

"కత్తెరేదే?"

సాయికుమారి నాలుక కరుచుకుంది. "లోపల."

"ఏ లోపల?"

"ఇప్పుడు టేపేసిందాంట్లో."

ముగ్గురూ నవ్వారు. టేపు చివర పళ్ళతో కొరకబోతే తెగలేదు. వీరదుర్గ సూర్యావతి వైపు తిరిగింది. "అక్కా, నీ రౌడీ చాకు తియ్యి. ఇన్నేళ్ళు నూనె రాసి పెంచావు. ఇయాల పనికి పంపు."

"దానికి జిగురంటుకుంటాది. వద్దు."

"నేను ఎల్లిపోతన్నానక్కా. మళ్ళీ ఎప్పుడు సూత్తాను?" అంది సాయికుమారి.

ఆ మాటకు సూర్యావతి లేచింది. డబ్బా లాగి, గుడ్డ విప్పి, గోడ వైపు తిప్పి బొత్తాం నొక్కింది.

"అయ్ బాబోయ్! పాములా వచ్చిందే!" సాయికుమారి మంచం మీదికి ఎగిరింది.

అప్పటి దాకా ఏ పనికీ వాడని వస్తువు అందరి ముందు పని చేస్తుంటే సూర్యావతి ముఖం వెలిగిపోయింది. టేపు కోసింది, తాడు కోసింది. తూచారు. బరువెక్కువైంది. కట్టింది కోసింది. పాలపొడి డబ్బాలు తీసి చేతి బ్యాగులోకి మార్చారు. మళ్ళీ టేపు, మళ్ళీ తాడు. ఈలోగా కింద మణికుమార్ హారన్ కొట్టాడు. అతను రాజోలు వైపు కుర్రాడు, ట్యాక్సీ తోలతాడు. సూర్యావతి చాకు మడిచి, గుడ్డలో చుట్టి, చేతిలో తాడుండ ఉండటంతో దాన్ని గూటి ముందున్న చెక్క మీద పెట్టి, కార్టన్‌కు చెయ్యి వేసింది.

"ముడుపులు పెట్టారా?" మెట్ల మీద నుంచి సాయికుమారి కేకేసింది.

"రెండు పెట్టాను. అక్కది కూడా పెడతన్నా" అంటూ వీరదుర్గ చెక్క మీదున్న పసుపు మూట తీసి, రెండు కళ్ళకూ అద్దుకుని, పరుగున వెళ్ళి సాయికుమారి బ్యాగు లోపలి అరలో దూర్చి జిప్పు వేసింది.

కారు వెళ్ళిపోయాక ఇద్దరూ గది ఊడ్చారు. వీరదుర్గ ముక్కు చీదుకుంటూ టీ పెట్టింది. సూర్యావతి చాకు లోపల పెట్టేద్దామని చెక్క దగ్గరికి వెళ్ళింది. చెక్క మీద ఏమీ లేదు. గూట్లో పటం వెనక పసుపు మూట ఉంది. చెయ్యి పెట్టింది. చిల్లర గలగలమంది.

ఆమె మూట చేతిలో పట్టుకుని వీరదుర్గ వైపు తిరిగింది.

"దుర్గా, నువ్వు బ్యాగులో ఏది పెట్టావు?"

"నీ ముడుపు."

"నా ముడుపు ఇదుగో."

వీరదుర్గ టీ గ్లాసు కింద పెట్టి వచ్చి మూట తాకి చూసింది. వెంటనే సాయికుమారికి ఫోన్ చేశారు. మోగలేదు. ఊళ్ళో దిగగానే మాట్లాడొచ్చని పొద్దునే ఇక్కడి సిమ్ తీసి ఇండియా సిమ్ వేసుకుంది. సిమ్ మార్చమని చెప్పింది సూర్యావతే.

మణికుమార్‌కు చేసింది.

"దింపేశానక్కా. ఏడుత్తా లోపలికెల్లింది. ఏం?"

"నా సామానొకటి దాని బ్యాగులో ఉండిపోయింది తమ్ముడూ."

"ఏం సామాను?"

ఫోన్లో ఆ మాట అనకూడదని ఆమెకు ఎవరో చెప్పారు.

"బంగారమా అక్కా?"

"కాదు."

"మరింకేంటి కంగారు? ఊరెల్లాక తీసి పెట్టమను."

"అది ఉంటే ఊరెల్లదు తమ్ముడూ. నువ్వు తిరిగి రా."

ఫోన్ పెట్టేశాక వీరదుర్గ తలుపుకు అడ్డంగా నిలబడింది. "నువ్వెల్లి నాదే అన్నావనుకో, నిన్ను పట్టుకుంటారు. ఐడీ కార్డు అడుగుతారు. నాలుగిళ్ళ సంగతి బయటికొస్తాది. ఇక్కడే ఉంటే, ఏమో, కనపడదేమో అక్కా. ముడుపు కదా అని వదిలేత్తారేమో."

"మిషన్లో పెడతారే. మిషన్‌కు ముడుపేం తెలుసు?"

"మరి నేనెల్తాను. పెట్టింది నేను."

"చాకు నీది కాదు కదా" అంది సూర్యావతి. చున్నీ కప్పుకుని, కార్డు జాకెట్లో పెట్టుకుంది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. చివరిసారి తాడు కోసి మడిచాక గడియ ముందుకు తోసిందా? రోజూ రెండుసార్లు తోసే మనిషికి ఆ ఒక్కసారి తోసినట్టు గుర్తు రాలేదు. బ్యాగులో దేనికో ఒత్తుకుంటే అదే తెరుచుకుంటుంది. సాయికుమారి నీళ్ళ సీసా కోసమో పాస్‌పోర్టు కోసమో ఆ అరలో చెయ్యి పెడితే?

విమానాశ్రయానికి వెళ్ళే ముహర్రక్ వంతెన మీద కారు వెళ్తున్నంతసేపూ ఆమె కుడి బొటనవేలు చూపుడువేలి మీద ముందుకు తోస్తూనే ఉంది. సగం దారిలో మణికుమార్‌కు విషయం చెప్పింది.

"చాకా? బొత్తాందా?" అతను కారు వేగం తగ్గించాడు. "అక్కా, నేను నిన్ను దింపుతాను, ఎంతసేపైనా ఆగుతాను. నా పేరు మాత్రం సెప్పకు. నాకు ఇద్దరు పిల్లలు."

"సెప్పను."

"కారు నంబరు కూడా."

"నాకు నంబరు తెలియదు తమ్ముడూ, ముందు తోలు."

విమానాశ్రయం లోపల హాల్లో ఆమె సాయికుమారి ఆకుపచ్చ చున్నీ కోసం వెతికింది. ప్రయాణికులు మాత్రమే వెళ్ళే ద్వారం అవతల, వరసలో, ఆ చున్నీ కనిపించింది. "సాయీ!" అని పిలిచింది. ఆ గోలలో పిలుపు తన చెవికే వినిపించలేదు. చున్నీ మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

ద్వారం పక్కన యూనిఫారంలో ఒకామె నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా రోడ్డు దాటి తప్పించుకున్న యూనిఫారం. సూర్యావతి ఆమె దగ్గరికి నడిచింది. అరబ్బీలో కత్తిని ఏమంటారో ఆమెకు వంటిళ్ళలో పని మొదలెట్టిన మొదటి రోజు నుంచే తెలుసు. రోజుకు పదిసార్లు వినే మాట. ఆ మాటే ఇప్పుడు అంది. కొంత అరబ్బీ, కొంత హిందీ కలిపి చెప్పింది. నా స్నేహితురాలు లోపలికెళ్ళింది. ఆమె బ్యాగులో నా కత్తి ఉంది. ఆమెకు తెలియదు.

యూనిఫారం ఆమె ముఖం మారిపోయింది. "ఎవరిది?"

"నాది."

"ఆమెకు తెలియదా?"

"తెలియదు. నాది."

ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఎంతసేపో ఆమెకు తెలియలేదు. ఫ్లైటు వెళ్ళిపోయిందనే అనుకుంది. తలుపు తెరుచుకుని సాయికుమారి వచ్చింది, బ్యాగును చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని. సూర్యావతిని చూడగానే ఏడుపు లంకించుకుంది.

"ఏం చేశావక్కా నన్ను?"

యూనిఫారం వేసుకున్నామె సాయికుమారి బ్యాగు లోపలి అరలోంచి మూడు పసుపు మూటలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటిది విప్పింది. చిల్లర. రెండోది విప్పింది. చిల్లర, ఎండిన కుంకుమ. ఇవేమిటని అడిగింది. దేవుడికి, అంది సూర్యావతి చెయ్యి పైకి చూపిస్తూ. ఆమె తల ఊపి, చిల్లర కింద పడకుండా జాగ్రత్తగా మళ్ళీ కట్టింది. మూడోది విప్పింది.

చాకును అటూ ఇటూ తిప్పింది. బొటనవేలు బొత్తాం మీదికి వెళ్ళింది.

"మేడం, ఆగండి, గడియ..." సూర్యావతి తెలుగులోనే అరిచింది.

టక్.

గడియ తీసే ఉంది. కత్తి ఆమె చేతికి తగల్లేదు, గాల్లోకే తెరుచుకుంది. ఆ మూసిన గదిలో చప్పుడు పొడిగా, ఒక్క ముక్కలో వచ్చింది. సూర్యావతి తల తనకు తెలియకుండానే పక్కకు వంగింది. సాయికుమారి ఏడుపు ఆగిపోయి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇదేంటి ఇక్కడుంది? మూడూ ముడుపులేననుకున్నానక్కా. దుర్గక్క కళ్ళకద్దుకుని మరీ పెట్టింది."

ఇంకో ఆఫీసరు వచ్చాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు. లేవని చెప్పొచ్చని ఆమెకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం, "పది ఉన్నాయి. వాటికి బొత్తాం లేదు" అంది. ఎందుకు అన్ని అని అడిగాడు. దానికి అరబ్బీలోనూ హిందీలోనూ ఆమె దగ్గర మాట లేదు. తెలుగులో కూడా ఉందని నేననుకోను.

కార్డు ఫోటో తీసుకున్నారు, ఫోన్ నంబరు రాసుకున్నారు. అవసరమైతే ఫోన్ చేస్తాం, వెంటనే రావాలి అన్నారు. చాకు ఇవ్వరని చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. సాయికుమారిని యల్లా, యల్లా అంటూ తీసుకెళ్ళారు. తలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"అక్కా, మరి నీ ముడుపో?"

"గూట్లో ఉంది. నువ్వు ముందు ఎల్లవే!"

యూనిఫారం ఆమె కత్తి మడవడానికి అవస్థ పడుతోంది. సూర్యావతి లేచి, ముట్టుకోకుండా, వేలితో చూపించింది. ఇక్కడ నొక్కాలి, ఇలా మడవాలి, ఇప్పుడు గడియ ముందుకి. ఆమె గడియ తోసింది.

"ఇంకోసారి" అంది సూర్యావతి.

ఆమె ఇంకోసారి తోసింది.

ఫ్లైటు సాయికుమారితోనే వెళ్ళింది. ఊరు చేరాక ఫోన్ చేసింది. మొదట తిట్టింది, తర్వాత నవ్వింది. "మా అమ్మ అడుగుతోందక్కా, మీ అమ్మవారు ఇప్పుడు కత్తులు కూడా పుచ్చుకుంటోందా అని."

సూర్యావతికి నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆమె ఫోన్‌ను బాత్రూంలోకి కూడా తీసుకెళ్ళేది. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగినా గరిటె పక్కన పెట్టి తన ఫోన్ తీసి చూసుకునేది. తెలియని నంబరు వస్తే అది ఆగే దాకా తెర వైపు చూస్తూ నిలబడేది. ఆగిపోయాక, ఎత్తనందుకు కోపం వచ్చి ఇంటికే వస్తారేమోనని భయపడేది. వీసా రెన్యువల్ దగ్గర పడుతున్న కొద్దీ సన్నబడిపోయింది. ఎందుకని అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. అడిగాక, ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే, పైన రాసినదంతా చెప్పింది.

మిగతా పదీ సముద్రంలో పారెయ్యమని వీరదుర్గ మళ్ళీ పోరింది. ఒక శుక్రవారం ఇద్దరూ డబ్బా సంచిలో పెట్టుకుని ఒడ్డుకు వెళ్ళారు. ఆ ఆఫీసరు ఇంకా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పాను, ఇప్పుడొచ్చి చూస్తే లేకపోతే అబద్ధమాడానంటారు, అని సూర్యావతి డబ్బా తిరిగి తెచ్చేసింది. దారిలో దాన్ని వీరదుర్గే మోయాల్సి వచ్చింది. యూనిఫారం కనిపించినప్పుడల్లా సూర్యావతి రోడ్డు అవతలి పక్కకు పోయేది.

మొన్న వేసవిలో వీసా వచ్చింది. విమానాశ్రయం నుంచి ఫోన్ మాత్రం ఇంతవరకూ రాలేదు. డబ్బాలో పది చాకులున్నాయి. తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టి ఉంటాయి. టీ మరిగేలోపు ఆమె ఇప్పటికీ డబ్బా లాగుతుంది, ఒక్కొక్కటీ తాకి చూస్తుంది, మూత పెట్టేస్తుంది.

వచ్చే నెల వీరదుర్గ సెలవు మీద ఊరెళ్తోంది. సూర్యావతి ముడుపు తీసుకెళ్తానంది కానీ, ముందు విప్పి చూపించమంటోంది. కట్టిన ముడుపు విప్పకూడదని సూర్యావతి అంటోంది. ముడుపు ఇంకా గుదైబియాలో, గూట్లోనే ఉంది.